క్రీడాసంఘముల బొగ్గుపులుసు లెక్క

2016వ సంవత్సరము మే నెలలో విశాఖపట్టణమున కొన్ని ఐ.పి.ఎల్. క్రికెట్ పోటీలు జరిగినవి. నిజమునకు అవి మహారాష్ట్రలో జరుగవలసినవి. ఆ ఏడు అచట పెద్ద కరవు. త్రాగునీటికి జనము కటకటపడుచుండగా మైదానముల పచ్చికకు నీరు పోయుట న్యాయమా అను వివాదము బొంబాయి హైకోర్టు వరకు పోయినది. ఏప్రిలు 30 దాటిన పిమ్మటి పోటీలను రాష్ట్రము వెలుపలికి తరలింపవలసినదని న్యాయస్థానము ఆదేశించినది. ముంబై, పుణే జట్లు రెండును విశాఖను ఎంచుకొన్నవి.

ఒక్క ఏటి కరవును చూపి శీతోష్ణస్థితియే మారిపోయినదని తీర్పు చెప్పుట శాస్త్రపద్ధతి కాదు. కాని ఆట ఎంతగా ఎండవానలకు లోబడి ఉన్నదో తెలియుటకు ఆ ఉదాహరణము చాలును. ధనము గల జట్లు విమానమెక్కి వేరొక రాష్ట్రమునకు పోగలవు. తెనాలిలోనో, చీరాలలోనో, సూర్యాపేటలోనో చందాలు పోగుచేసికొని ఆడుకొను కుర్రవారి సంఘమునకు అట్టి వీలు లేదు. వారికి ఉన్నది ఒకటే మైదానము. తరచు అదియు కళాశాలవారిదో, పురపాలక సంఘమువారిదో అయి ఉండును. 2015 మే నెలలో వీచిన వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో పదిహేను వందల మందికి పైగా మరణించిరి. అట్టి దినములలో ప్రొద్దెక్కిన తరువాత మైదానములో పరుగెత్తుట ప్రాణాపాయము. చెమట ఆరినప్పుడే దేహము చల్లబడును. కోస్తా తీరమున గాలిలో తేమ హెచ్చు. అందుచే చెమట కారునే గాని ఆరదు. ఎండ తక్కువగా ఉన్నట్లు కన్పించిన దినమున కూడ ఆటగాడు సొమ్మసిల్లి పడుటకు కారణమిదియే.

ఈ వేడిమిని పెంచుచున్న వాయువును క్రీడాసంఘములు కూడ తమ వంతు విడుచుచున్నవి. ఆ వంతు పెద్ద కర్మాగారముల వంతుతో పోల్చిన స్వల్పమే. అయినను అది ఎచటినుండి వచ్చుచున్నదో లెక్కవేసి చూచినవారు అరుదు. లెక్క చూడకుండ తగ్గింప బూనినవారు సాధారణముగా తగ్గింపవలసిన చోట తగ్గింపరు.

బొగ్గుపులుసు వాయువు గాలిలో మిక్కిలి కొలది. 1958లో హవాయి ద్వీపములలోని మౌనా లోవా పర్వతముపై కీలింగ్ అను శాస్త్రజ్ఞుడు దానిని శ్రద్ధగా కొలువ నారంభించినప్పుడు గాలిలో పదిలక్షల పాళ్ళకు సుమారు 315 పాళ్ళు మాత్రమే ఉండెను. 2024 నాటికి అది 420 దాటినది. సూర్యకాంతిని లోనికి రానిచ్చి, భూమినుండి పైకిపోవు వేడిమిని మాత్రము కొంత పట్టియుంచుట దీని స్వభావము. 1859లోనే టిండల్ ఈ గుణమును ప్రయోగశాలలో కొలిచి చూపినాడు. చలికాలమున కప్పుకొను దుప్పటి తాను వేడిని పుట్టింపదు, మన ఒంటి వేడిని పోనీయదు, ఇదియు అట్లే. మనము దుప్పటిని మందముచేయుచున్నాము.

ఒక మనిషిగాని, సంఘముగాని, కార్యక్రమముగాని ఏడాదికి ఇట్టి వాయువులను ఎన్ని కిలోలు గాలిలోనికి పంపునో ఆ మొత్తమునకు ఇప్పుడు కర్బన పాదముద్ర అను పేరు వాడుకలోనికి వచ్చినది. ఈ మాటను 2000 తరువాతి దశకములో లోకమంతట ప్రచారము చేసినవారిలో ఒక పెద్ద చమురు కంపెనీ ఉన్నదనుట పాఠకులు గుర్తుంచుకొనదగిన సంగతి. చమురు అమ్మువాడు కొనువానిని లెక్కలు వ్రాసికొమ్మనుటలో కొంత యుక్తి లేకపోలేదు. కావున ఈ లెక్కను కుర్రవారిని నిందించుటకు వాడరాదు. ఇంటి చిల్లర ఖర్చులు వ్రాసికొన్నట్లు, ఎచట వృథా అగుచున్నదో తెలిసికొనుటకు మాత్రము వాడవలెను.

లెక్కకు మూలమైన అంకెలు రెండు మూడే. వానిలో మొదటిది పెట్రోలునకు సంబంధించినది. ఒక లీటరు పెట్రోలు కాలిన సుమారు 2.3 కిలోల బొగ్గుపులుసు వాయువు పుట్టును. ఇది విన్నవారు వెంటనే ఆక్షేపింతురు: లీటరు పెట్రోలు బరువు ముప్పాతిక కిలో మాత్రమే కదా, ముప్పాతిక కిలోనుండి రెండుంపాతిక కిలోలు ఎట్లు వచ్చునని. ఆక్షేపణ మంచిదే. దాని సమాధానములోనే రసాయనశాస్త్రమున్నది. పెట్రోలులో నూటికి సుమారు 86 వంతులు కర్బనము, మిగిలినది చాలవరకు ఉదజని. లీటరు బరువు 0.74 కిలో అనుకొన్న, అందులో కర్బనము 0.64 కిలో. ఇంజనులో మండునప్పుడు ప్రతి కర్బన పరమాణువు గాలినుండి రెండు ఆమ్లజని పరమాణువులను పట్టుకొనును. కర్బన పరమాణువు తూనిక 12; ఆమ్లజనిది 16. అనగా 12 పాళ్ళ కర్బనము 32 పాళ్ళ ఆమ్లజనిని కలుపుకొని 44 పాళ్ళ వాయువగును. 0.64ను 44తో గుణించి 12తో భాగింపగా 2.3 పైచిల్లర వచ్చును. హెచ్చు బరువంతయు గాలిలోని ఆమ్లజనిది. పెట్రోలు బంకులో మనము కొన్నది ముప్పాతిక కిలోయే. మిగిలినది త్రోవలో గాలినుండి తీసికొన్నాము.

డీజిలు కొంచెము సాంద్రమైనది గనుక లీటరుకు 2.7 కిలోలు వేసికొనవచ్చును. వంటగ్యాసు కిలోకు 3 కిలోలు. ఇక విద్యుత్తు. మన దేశములో విద్యుత్తు నూటికి ముప్పాతిక వంతు ఇంకను బొగ్గునుండియే వచ్చుచున్నది. తెనాలి మైదానములో దీపము వెలిగినప్పుడు అచట పొగ కనబడదు. విజయవాడ చెంత ఇబ్రహీంపట్టణములోని థర్మల్ కేంద్రము వంటి చోట్ల బొగ్గు మండుచుండును. జలవిద్యుత్తు, సౌరవిద్యుత్తు మున్నగునవి అన్నియు కలిపి సగటు చూడగా, కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థవారి లెక్కలనుబట్టి యూనిట్టుకు సుమారు 0.7 కిలో పడుచున్నది.

ఇప్పుడు ఒక సంఘమును ఊహింతము. తెనాలి ప్రాంతములో 30 మంది సభ్యులు గల క్రికెట్ సంఘమనుకొందము. ఏడాదిలో 40 వారములు ఆడుదురు. వారమునకు నాలుగు సాయంత్రములు అభ్యాసము. ఆదివారములలో 15 స్వస్థలమునను, 15 గుంటూరు, బాపట్ల, చీరాల వంటి పొరుగూళ్ళలోను పోటీలు. వేసవిలో పది రాత్రులు దీపముల క్రింద ఒక చిన్న టోర్నమెంటు. ఇట్టి సంఘములు మన రాష్ట్రములలో అనేకములు. అంకెలు ఊరు ఊరికి మారును, పద్ధతి మారదు.

అభ్యాసమునకు రోజుకు ఇరవై మంది వత్తురు. ఎనమండుగురు నడచియో సైకిలుపైనో. పన్నెండుగురు ఒక్కొక్కరు ఒక మోటారు సైకిలుపైన, పోను రాను 6 కిలోమీటర్లు. 160 సాయంత్రములకు మొత్తము 11,520 కిలోమీటర్లు. లీటరుకు 45 కిలోమీటర్ల చొప్పున 256 లీటర్ల పెట్రోలు. అనగా 589 కిలోల వాయువు.

పొరుగూరి పోటీకి పదునారుగురు బయలుదేరుదురు. ఎనమండుగురు నాలుగు కార్లలో, ఎనమండుగురు నాలుగు మోటారు సైకిళ్ళపైన. సగటున పోను రాను 80 కిలోమీటర్లు. 15 ఆదివారములకు కార్లకు 320 లీటర్లు, మోటారు సైకిళ్ళకు 107 లీటర్లు. రెండునుగలిపి 982 కిలోలు. మన ఊరికి వచ్చు జట్ల పెట్రోలును మనము వ్రాసికొనరాదు. అది వారి పద్దు. రెండు పుస్తకములలో వ్రాసిన ఒకే లీటరు రెండు లీటర్లుగా తోచును.

రాత్రి టోర్నమెంటునకు నాలుగు స్తంభములు, స్తంభమునకు నాలుగు చొప్పున 1000 వాట్ల మెటల్ హాలైడ్ దీపములు. దీపముతోపాటు దాని చోకు కూడ కొంత విద్యుత్తు తినును గనుక దీపమునకు 1100 వాట్లు. రాత్రికి నాలుగు గంటలు, పది రాత్రులు: 704 యూనిట్లు, 493 కిలోలు. పచ్చిక తడుపుటకు 3 అశ్వశక్తుల మోటారు రోజుకొక గంట చొప్పున 150 దినములు ఆడినచో సుమారు 450 యూనిట్లు, 315 కిలోలు. టీలకు, ఆదివారపు భోజనములకు 19 కిలోల గ్యాసు సిలిండర్లు రెండు: 114 కిలోలు. స్వస్థలపు పోటీలలో ఇరుజట్లకు నీటిసీసాలు ఏడాదికి 900. ఖాళీ సీసా చేయుటకు సుమారు 70 గ్రాముల వాయువు వెలువడునని వేసికొన్న, 63 కిలోలు.

మొత్తము 2,556 కిలోలు, రెండున్నర టన్నులు. తలకు 85 కిలోలు. సగటు భారతీయుని వంతు ఏడాదికి రెండు టన్నులకు అటు ఇటుగా ఉన్నది గనుక, ఆట వలన కలిగిన భారము పెద్దది కాదు. పెట్రోలును శుద్ధిచేయుటకు, రవాణా చేయుటకు అగు ఖర్చును, బ్యాట్లు, బంతులు, దుస్తులు తయారగుటకు అగు దానిని ఇందులో చేర్చలేదు. చేర్చినచో మొత్తము పెరుగును. పాళ్ళు మాత్రము పెద్దగా మారవు.

ఈ పద్దులను ఒకదాని ప్రక్క నొకటి పెట్టి చూడుడు. సంఘము పర్యావరణమును గూర్చి సమావేశము పెట్టినచో మొదట లేచువాడు నీటిసీసాలు నిషేధింపవలెననును. రెండవవాడు దీపములు మార్చవలెననును. మూడవవాడు మొక్కలు నాటుదమనును. అందరును చప్పట్లు కొట్టుదురు. సీసాలు 63 కిలోలు. ప్రయాణములు 1,571 కిలోలు. నూటికి 61 వంతులు. అయినను ప్రయాణముమాట సామాన్యముగా ఎవ్వరును ఎత్తరు. పెట్రోలు ఎవరి జేబులోనుండి వారిది పోవుచున్నది. సంఘపు జమాఖర్చు పుస్తకములో అది ఎక్కడను కనబడదు. కనబడని ఖర్చును తగ్గింపవలెనని ఎవరికి తోచును?

సీసాలను మానవద్దని నా అభిప్రాయము కాదు. అవి మురుగుకాలువలలో పడి చేయు కీడు వేరు, దానికై మానవలసినదే. ప్లాస్టిక్ గ్లాసులు, పళ్ళెములు, చెంచాలు 2022 జూలై 1 నుండి దేశమంతట నిషిద్ధములే. 20 లీటర్ల నీటిడబ్బా, రెండు మట్టికుండలు, ఎవరి చెంబు వారు తెచ్చుకొనుట: ఇంతతో ఆ పద్దు ముగియును. కాని దానితో వాయువు సమస్య తీరినదని అనుకొనరాదు.

ప్రయాణమునకు వచ్చినచో, వాహనమునకన్న అందులో ఎందరు కూర్చున్నారనునది ముఖ్యము. లీటరుకు 15 కిలోమీటర్లు పోవు కారు కిలోమీటరునకు సుమారు 150 గ్రాములు విడుచును. ఒక్కడే కూర్చున్న ఆ 150యు వానివే. నలుగురు కూర్చున్న తలకు 40కి తక్కువ. మోటారు సైకిలు కిలోమీటరునకు 50 గ్రాములు. ఇద్దరెక్కిన పాతిక పైచిల్లర. లీటరు డీజిలుకు నాలుగున్నర కిలోమీటర్లు పోవు ఆర్.టి.సి. బస్సు 600 గ్రాములు విడుచును. అది భయంకరముగా తోచును గాని నలుబదిమంది ఎక్కిన తలకు 15 గ్రాములే. విద్యుత్ స్కూటరునకు మన ఇప్పటి బొగ్గు విద్యుత్తుతోనే కిలోమీటరునకు 20, 25 గ్రాములకు మించదు. కారు కొనుటయే పాపము, బస్సు పొగ విడుచుచున్నది గనుక అదియు పాపము అను వాదములు రెండును ఈ అంకెలముందు నిలువవు.

మన ఊహాసంఘము పొరుగూరి పోటీలకు 17 మంది కూర్చుండు అద్దె వ్యాను ఒకటి మాటాడుకొన్నదనుకొందము. అది లీటరు డీజిలుకు 10 కిలోమీటర్లు పోవును. అవే 15 ప్రయాణములకు 120 లీటర్లు, 324 కిలోలు. 982 కాస్తా 324 అయినది. అద్దె ఎవరిచ్చునని కోశాధికారి అడుగును, అడుగవలసినదే. కార్లకు, మోటారు సైకిళ్ళకు పట్టిన 427 లీటర్లను లీటరు నూరు రూపాయల లెక్కన కట్టిన 42,700 రూపాయలు. అది ఇంతకుముందును ఖర్చగుచునే ఉన్నది, సంఘపు పుస్తకములో లేకుండ. దానిని తలకింతయని వసూలుచేసి వ్యానుకు కట్టవచ్చును.

ఇందులో ఇంకొక విశేషమున్నది. కార్లు, మోటారు సైకిళ్ళపైన జట్టు పోవునప్పుడు వాహనము లేని కుర్రవాడు ఎవరి వెనుకనైన చోటు దొరికిననే రాగలడు. బౌలింగు బాగుగా వేయువాడు బస్టాండులో నిలువబడిపోగా, బండి గలవాడు పదునొకండవ ఆటగాడగుట చాల ఊళ్ళలో జరుగు సంగతియే. వ్యానులో అందరికి ఒకటే చోటు. క్రొత్త మోటారు సైకిలు కొన్న కుర్రవారికి మాత్రము ఇది రుచింపదు. పోటీకి పోవుటలో సగము సరదా త్రోవలోనే ఉన్నదని వారి వాదము. ఆ సరదాకు ఖరీదు ఆరువందల కిలోల పైచిల్లర అని చెప్పి, నిర్ణయమును సంఘమునకే వదలుట మంచిది.

రైలుమార్గముపైనున్న ఊళ్ళకు వ్యాను కూడ అవసరము లేదు. తెనాలి, బాపట్ల, చీరాల ఒకే మార్గముపైనున్నవి; గుంటూరునకును తెనాలినుండి రైలున్నది. విద్యుత్ రైలులో తలకు పడు వాయువు బస్సుకన్న తక్కువ. కిట్టుసంచులు పట్టుకొని రైలులో పోవుట కష్టమనుట నిజమే గాని, పూర్వము జట్లన్నియు అట్లే పోయినవి. కాని ఒక చిక్కున్నది. వేసవిలో ఎండకు జడిసి పోటీని ఉదయము ఆరున్నరకు ప్రారంభింపవలసియున్నది. ఆ వేళకు అందు రైలు ప్రతి ఊరికి ఉండదు. ఎండను తప్పించుకొన బోయి బండ్లెక్కవలసి వచ్చును. బండ్లు మానబోయిన ఎండలో ఆడవలసి వచ్చును. దీనికి ఉపాయము ఆటగాని చేతిలో లేదు. పోటీల పట్టిక వ్రాయువారి చేతిలో ఉన్నది.

ఈ పట్టికను గూర్చి కొంచెము వివరముగా చెప్పవలెను. జిల్లా సంఘమువారు సాధారణముగా చీట్లు తీసి, ఎవరితో ఎవరు ఎప్పుడు ఆడవలెనో నిర్ణయింతురు. చీటీకి దూరము తెలియదు. దగ్గరి జట్లను ముందుగా గుంపులుగా విభజించి, గుంపులలోపల చీట్లు తీసి, తుది పోటీలు మాత్రమే జిల్లా అంతటికి కలిపి పెట్టినచో న్యాయమునకు లోపము రాదు, దూరములు తగ్గును. రెండవది త్రికోణ పద్ధతి. ఒక ఆదివారము ఒక మైదానమునకు మూడు జట్లు చేరి, 15 ఓవర్ల పోటీలు మూడు ఆడుట. ఉదయము ఏడున్నరకు ఒకటి, పదింటికి ఒకటి, మధ్యాహ్నము రెండున్నరకు ఒకటి. ప్రతి జట్టుకు రెండు ఆటలు, ఒక విశ్రాంతి. విశ్రమించు జట్టు అంపైర్లను, స్కోరు వ్రాయువారిని ఇచ్చును. మూడు ఊళ్ళు వంతులవారీగా మైదానమిచ్చినచో 15 ఆదివారములలో 30 పోటీలు పూర్తియగును; అందులో ఐదు ఆదివారములు స్వస్థలముననే. పొరుగూరికి పోవలసినది పదిమారులు మాత్రమే. వ్యానుతో లెక్కించిన 216 కిలోలు. ఒక్క పోటీయైనను తగ్గలేదు; 982 కిలోలు 216 అయినవి. కార్యదర్శి ఒక సాయంత్రము కూర్చుండి పట్టిక తిరుగవ్రాసినందున కలిగిన లాభమిది. దీపములు మార్చుటకు వేలు కావలెను. పట్టిక మార్చుటకు కాగితము చాలును.

ఓవర్లు తగ్గినచో ఆట పలుచనగునని పెద్దలు కొందరనవచ్చును. ఒకనాడు 20 ఓవర్లు ఆడి ఇంటికిపోవు జట్టు ఇప్పుడు 30 ఓవర్లు ఆడుచున్నదని వారికి జవాబు. అయితే ఈ పద్ధతి నవంబరు, ఫిబ్రవరి నెలల మధ్యనే సాగును. ఏప్రిలు, మే నెలలలో దినమునకు మూడు ఆటలు పెట్టుట కుర్రవారిని వడదెబ్బకు అప్పగించుటయే. ఆ నెలలలో దగ్గరి ఊళ్ళతో, ఉదయపు పోటీలు మాత్రమే ఉంచి, దూరపు వానిని చలికాలమునకు జరుపవలెను.

అభ్యాసపు ప్రయాణములను తగ్గించుట కొంచెము కష్టము; ఎవరి ఇల్లు వారిది, ఎవరి వేళ వారిది. ఒకే వీధివారు ఇద్దరిద్దరు ఒక బండిపైన వచ్చినచో 589 సుమారు సగమగును. మూడు కిలోమీటర్ల దూరమునకు సైకిలు ఆటగానికి అవమానము కాదు; కాళ్ళకు వేడియెక్కించు వ్యాయామము ఉచితముగా దొరకినట్లే. సైకిళ్ళు నిలుపుటకు తాళము వేయదగిన నీడపట్టు లేనందుననే చాలమంది తేరు. సంఘములు ఈ చిన్న విషయమును పట్టించుకొనవు. చీకటిపడిన తరువాత ఇంటికి పోవలసిన బాలికల విషయములో మాత్రము ఇట్టి లెక్కలేవియు చూడరాదు. వారిని ఎవరు ఏ బండిపైన దింపినను, వారి అభ్యాసము ముగియువరకు దీపములు ఎన్ని వెలిగినను అది వృథా కాదు.

దీపముల సంగతి. మెటల్ హాలైడ్ దీపమునకు ఒక దుర్గుణమున్నది. వెలిగించిన తరువాత పూర్తి కాంతి వచ్చుటకు కొన్ని నిమిషములు పట్టును. ఆర్పినచో చల్లారువరకు మరల వెలుగదు. పది పదిహేను నిమిషములు ఆగవలెను. అందుచే విరామములోను, బహుమతి ప్రదానములోను, ముఖ్య అతిథి ఉపన్యాసము సాగినంతసేపును పదునారు దీపములు మైదానముపైన వృథాగా వెలుగుచునే ఉండును. ఎల్.ఇ.డి. దీపములు మీట నొక్కినంతనే వెలుగును, ఆరును; అదే కాంతిని సగముకన్న తక్కువ విద్యుత్తుతో ఇచ్చును. 450 వాట్ల ఎల్.ఇ.డి.లు పెట్టినచో మన టోర్నమెంటు 493నుండి 202 కిలోలకు దిగును. విరామములలో ఆర్పినచో ఇంకను తగ్గును. 2014లో హుద్‌హుద్ తుఫాను విశాఖ వీధిదీపములను నేలగూల్చిన పిమ్మట, నగరమంతట ఎల్.ఇ.డి.లే తిరిగి పెట్టబడినవి. పట్టణమునకు పనికివచ్చినది మైదానమునకు పనికిరాకపోదు. కాని ఏడాదికి పది రాత్రులే వెలుగు దీపములను అప్పుచేసి మార్చుట తెలివిగాదు. మాడిపోయిన దీపము స్థానములో క్రొత్తది పెట్టునప్పుడు మార్చుకొనుచు పోవచ్చును. రోజూ సాయంత్రము దీపముల క్రింద ఆడు షటిల్ సంఘములకు మాత్రము వెంటనే మార్చుట లాభము. వారి లెక్కలో దీపములదే పెద్దపీట కావచ్చును.

డీజిలు జనరేటరును అద్దెకు తెచ్చి టోర్నమెంటు నడుపు అలవాటు పల్లెలలో ఉన్నది. చిన్న జనరేటరు లీటరుకు సుమారు మూడు యూనిట్లిచ్చును. అనగా యూనిట్టుకు 0.9 కిలో. స్తంభము విద్యుత్తుకన్న అది హెచ్చు, ధరయు హెచ్చు, చప్పుడు అదనము. తాత్కాలిక విద్యుత్ కనెక్షనునకు ముందుగా దరఖాస్తు పెట్టుకొనుట మేలు.

నీరు, పచ్చిక విషయములో మన పూర్వపు పద్ధతియే మంచిదని నా నమ్మకము. పీచుచాప పరచిన పిచ్‌కు పచ్చిక పిచ్‌కు కావలసినంత నీరు అక్కరలేదు. పచ్చికయే కావలెనన్నచో తెల్లవారుజామున తడుపవలెను. మధ్యాహ్నము పోసిన నీటిలో కొంత ఆవిరియై పోవును, దానితో మోటారు తిరిగిన విద్యుత్తును పోవును. యూరియా మితముగా చల్లవలెను. నేలలో మిగిలిన నత్రజని కొంత నైట్రస్ ఆక్సైడు అను వాయువుగా మారును. అది బరువుకు బరువు బొగ్గుపులుసు వాయువుకన్న సుమారు 270 రెట్లు వేడిని పట్టును.

భోజనము, దుస్తులు ఇత్యాదులు తలకొక మాటతో ముగింపవచ్చును. మేక నెమరువేయు జంతువు. దాని కడుపులో మీథేను పుట్టును. గెలిచిన నాటి బిర్యానీ కోడితో వండిన, మేకతో వండినదానికంటె దాని భారము పలు రెట్లు తక్కువ. జెర్సీలు పాలిస్టరువి, పాలిస్టరు చమురునుండి పుట్టినది. చొక్కాపైన దాత పేరుతోపాటు సంవత్సరము కూడ అచ్చువేయించుటచే చిరుగని చొక్కా మరుసటి ఏటికి పాతదగుచున్నది. సంవత్సరము వేయింపకున్న చాలును.

ఏ సంఘమైనను మొదలుపెట్టవలసినది ఒక నెల పుస్తకముతో. హాజరు వ్రాయునప్పుడే పేరు ప్రక్కన మూడు గళ్ళు: ఎట్లు వచ్చెను, ఎంత దూరము, వెంట ఎందరు. విద్యుత్ మీటరును నెల మొదటను చివరను చదువవలెను. మైదానము కళాశాలదైనచో వారిని అడిగి తెలిసికొనవచ్చును. నెల చాలును, పన్నెండుతో హెచ్చించిన ఏడాది ఉజ్జాయింపు వచ్చును, వేసవి టోర్నమెంటును విడిగా చేర్చవలెను. 2018 డిసెంబరులో పోలండు దేశపు కటోవీత్సె నగరమున జరిగిన శీతోష్ణస్థితి మహాసభలో ఐక్యరాజ్యసమితి పక్షమున క్రీడాసంస్థలకై ఒక ఒడంబడిక ప్రకటింపబడినది. అందు చేరినవారు తమ వాయువులను 2030 నాటికి సగము చేయుదుమని లక్ష్యము పెట్టుకొన్నారు. చేరినవి చాలవరకు పెద్ద సంస్థలు. విమానములు, స్టేడియములు గలవి. మన తెనాలి సంఘము వ్యాను, త్రికోణపు పట్టిక, జోడుబండ్లు, ఎల్.ఇ.డి.లు, నీటిడబ్బా అమలుపరచినచో 2,556 కిలోలు సుమారు 1,140కి దిగును. ఒక్క ఏటిలోనే సగమునకు తక్కువ, ఆటలు అన్నే.

మిగిలిన 1,140 కిలోలకు మొక్కలు నాటుదమని మూడవ సభ్యుడు మరల లేచును గదా. అతని మాటనును లెక్క కట్టవచ్చును. 1,140 కిలోల వాయువులో కర్బనము 44 పాళ్ళకు 12 వంతున సుమారు 310 కిలోలు. ఎండిన కలపలో సగము కర్బనము. కావున ఆ వాయువును పట్టుటకు ఏటేట 620 కిలోల ఎండుకలప క్రొత్తగా పెరుగవలెను, పెరిగినదానిని ఎవ్వరును పొయ్యిలో పెట్టరాదు. జెండా పండుగనాడు నాటి, ఫోటో తీయించుకొని, మరుసటి వేసవికి ఎండిపోయిన పది మొక్కలు ఈ పని చేయలేవు. అయినను చెట్లు నాటవలసినదే, వేరొక కారణమున. మధ్యాహ్నపు సూర్యుడు పడమటినుండి కాయును గనుక, మైదానపు పడమటి హద్దు వెంట వేపయో, కానుగయో నాటినచో రెండు గంటలు దాటిన తరువాత నీడ లోపలికి వాలును. విశ్రాంతి జట్టు కూర్చుండుటకు అదే చోటు. మొదటి రెండు మూడు వేసవులు మాత్రము నీరు పోయుటకు వంతులు వేసికొనవలెను. పిచ్ తడుపు గొట్టమునే అంతవరకు సాగదీయవచ్చును.